ఆకుపచ్చ గడి

గోడకి మేకు కొట్టి వేలాడదీసిన చార్టులో
నాలుగు రంగులు.
నీలమంటే చిక్కినవాళ్లు, ఆకుపచ్చంటే సరిపోయినవాళ్లు,
తర్వాత పసుపు, ఆపైన ఎరుపు.
ఎత్తుని ఎత్తుతోనే హెచ్చవేసి
బరువుని దాంతో భాగించడం
పద్నాలుగేళ్లుగా నా చేతికి అలవాటు.
ఫిషింగ్ హార్బర్ వెనక, ఐసు మర పక్కన
గురువారం గురువారం
నా బల్ల, నా కాటా, నా రిజిస్టరు.

గరికిన పోలమ్మ కాటా ఎక్కింది.
ఇరవై ఎనిమిది పాయింట్ తొమ్మిది.
ఎరుపు.
"తగ్గాలమ్మా" అన్నాను, తలెత్తకుండానే.
"ఏటి తగ్గాల? గంప దించీమంటావేటి?" అంది.
చీకటుండగానే వేలంపాటలో కవ్వళ్లు కొని
నెత్తిన పాతిక కేజీలతో
కొండవాలు ఇళ్లకి నూట పది మెట్లు ఎక్కి దిగే మనిషి.
బీపీ చూశాను. వేలి కొసన చుక్క తీసి చక్కెర చూశాను.
రెండూ నావాటి కంటే బాగున్నాయి.
మోకాలు మాత్రం రాత్రిళ్లు సలుపుతుందట.
అదీ ఇదీ రాయడానికి రిజిస్టర్లో చోటు లేదు.

నాదా? ఇరవై రెండున్నర. పచ్చగా, నిగనిగా.
"ఎంత సన్నగా ఉన్నావే" అంటారు
మద్దిలపాలెం బస్సులో పాత నేస్తాలు.
నా బ్యాగులో టిఫిన్ డబ్బా కింద
పొద్దున్నొకటి, రాత్రొకటి, షుగరు బిళ్లలు.
నడుం చుట్టూ ఒక దారం చుట్టి చూస్తే తెలుస్తుంది
కొవ్వు ఎక్కడ కాపురం పెట్టిందో.
కాటాకి మనిషంటే ఒక మూట.
కండో, కొవ్వో, ఎముకో, కాళ్లల్లోకి దిగిన నీరో
విప్పి చూసే ఓపిక దానికి లేదు.

అసలు చెప్పాల్సింది మాసేను సంగతి.

వేట నిషేధం రోజుల్లో, బోట్లన్నీ ఒడ్డున ఉన్నప్పుడు
సరంగు మాసేను తూగితే
ఇరవై నాలుగు పాయింట్ ఆరు. పసుపు.
అన్నం తగ్గించు, పొద్దున్నే నడువు అన్నాను.
దీపావళి దాటాక వచ్చాడు. ఇరవై ఒకటిన్నర.
"సిస్టరమ్మా, నువు సెప్పినట్టే తగ్గిపోనాను."
బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు.
భేష్ అన్నాను.
వరసలో నిలబడ్డవాళ్లకి చూపించాను కూడా,
మాసేనుని చూసి నేర్చుకోండని.
ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో అంకె చుట్టూ సున్నా చుట్టాను.
అతను దగ్గాడు.
ఐసు మర చప్పుడులో ఆ దగ్గు నాకు వినపడలేదని
ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను.
వినపడింది.

సాయంత్రమైతే జ్వరం, రాత్రి చాప తడిసే చెమట.
ఆ మాటలు పోలమ్మ చెప్పింది, నెల తర్వాత,
గంప దించుకుంటూ, కోనాం ధర గురించి మాట్లాడుతూ మధ్యలో.
అతనికి వరసకి అక్కట.
తెమడ పరీక్ష, వాల్తేరు ఛాతీ ఆసుపత్రి,
ఆర్నెల్ల మందులు.
ఆ ఆర్నెల్లూ రిజిస్టర్లో ఆ పేజీ తిప్పలేదు నేను.
ఒళ్లు కరిగి కరిగి
మనిషి ఆ పచ్చ గడి మీదుగా జారిపోతుంటే
పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను.
ఎక్కడున్నాడో గడికి తెలుసు.
ఎటు పోతున్నాడో తెలీదు.

మొన్న గురువారం వచ్చాడు.
బెల్టు మళ్లీ పాత చిల్లులోకి చేరింది.
ఇరవై నాలుగు పాయింట్ రెండు.
"పసుపులోకి వొచ్చీసినాను, తిడతావేటి?"
తిట్టలేదు. ఆ పసుపుని చూసి
ముక్కు ఎగబీల్చుకున్నాను, జలుబని చెప్పాను.
కుర్చీ జరిపి కూచోబెట్టి అడిగాను:
అన్నం సయిస్తోందా, నిద్ర పడుతోందా,
వల లాగేటప్పుడు ఊపిరి అందుతోందా,
ఒక్కడివే ఉన్నప్పుడు దిగులేస్తోందా.
అతను చెబుతుంటే
రిజిస్టరు అంచున, గడులు అయిపోయిన చోట,
పెన్సిల్‌తో అడ్డంగా రాసుకుంటూ పోయాను.

బయట నుంచి పోలమ్మ కేక:
"బేగి ఒగ్గియ్యమ్మా ఆడిని, బోటు ఎలిపోతాది!"